టేపు అంచున గొంతు

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను నిలదీయకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చిన్నప్పుడు మా సందులో పిల్లి ఎదురొస్తే ఇంట్లో పులి అని చెప్పేవాణ్ణి. ఎవరూ నమ్మడం లేదని తెలిశాక చిరుతపులి దాకా తగ్గాను గానీ, అంతకన్నా కిందికి దిగలేకపోయాను. నేను ఏం చెప్పినా మా ఆవిడ అందులో పావువంతే లెక్కలోకి తీసుకుంటుంది. మీరూ అలాగే తీసుకోండి, ఎవరికీ నష్టం ఉండదు.

దేవుడు కూడా నాకు తగ్గ వృత్తే ఇచ్చాడు. విజయవాడలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేసేవాణ్ణి. జరిగిన పెళ్ళిని జరగని పెళ్ళిగా మార్చడం మా పని. కొండపల్లి దాటి ఎరగని పెళ్ళికొడుకు వెనకాల స్విట్జర్లాండు మంచు కురిపించాను. పెళ్ళికూతుళ్ళని తామరపువ్వుల్లోంచి పైకి లేపాను. ఒకసారి పొరపాటున పురోహితుణ్ణి లేపాను. ఆయన ఎంతో సంతోషించి తనకో కాపీ అడిగి పట్టుకెళ్ళాడు. అన్నీ చేశాం గానీ మాటల్ని మాత్రం ఉంచేవాళ్ళం కాదు. పప్పులో ఉప్పు లేదన్న మేనత్త, బస్సు టైమైపోతోందన్న బాబాయి, అందరి గొంతులూ క్యామెరా టేపులో ఉండేవి. మిక్సింగ్‌లో మొట్టమొదట చేసే పని అవన్నీ తీసేసి పైన పాట వెయ్యడం. పెళ్ళివాళ్ళే అలా కోరేవారు. "మా బావగారి నోరు వినపడకుండా చూడండి బాబూ" అని చెవిలో చెప్పి మరీ వెళ్ళేవారు.

తరవాత డ్రోన్లు వచ్చాయి. పెళ్ళిళ్ళని కాకులు చూసినట్టు పైనుంచి చూడడం మొదలైంది. తామరపువ్వులకి గిరాకీ పోయింది. బెంజ్ సర్కిల్ పక్క సందులో నా షాపు ఈగలకి విశ్రాంతి మందిరం అయ్యింది. అప్పుడు బోర్డు మార్చాను: "పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించబడును. ఎలాంటి టేపైనా సరే. గ్యారంటీ."

ఆ చివరి మాట చూసి మా మెకానిక్ అన్న తల పట్టుకున్నాడు. ఈ అన్న గురించి మీకు చెప్పాలి. ఒకప్పుడు ఊళ్ళో వీసీఆర్‌లకి ఈయన పెద్దాసుపత్రి. వీసీఆర్‌లు పోయాక మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసుకుంటూ, పాత యంత్రాల మీద ప్రేమ చంపుకోలేక మధ్యాహ్నాలు నా షాపులో కూర్చునేవాడు. మా దగ్గర పనిచేసే వీసీఆర్ ఒక్కటే ఉండేది. దానికి ప్రాణం పోసింది ఆయనే. చచ్చిపోయిన పది వీసీఆర్‌ల అవయవాలు దాంట్లో ఉన్నాయి. (పది అంటే నాలుగు అనుకోండి.)

"తమ్ముడూ, బోర్డు మీద ఏం రాసుకున్నా రాసుకో. ఆ గ్యారంటీ మాత్రం చెరిపెయ్. మన మిషనుకే గ్యారంటీ లేదు" అనేవాడు.

"రాసేవాడు పెయింటరన్నా, నాదేముంది" అనేవాణ్ణి.

ఫోను జేబులో పెట్టుకుని పుట్టిన నా చిన్న మిత్రులారా, మీకొక సంగతి చెప్పాలి. పాత టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించడం అంటే కాపీ కొట్టడం కాదు. టేపు మొదటినుంచి చివరిదాకా యంత్రంలో తిరగాలి. అది తిరుగుతున్నంతసేపూ కంప్యూటర్ పక్కన కూర్చుని చూస్తూ రాసుకోవాలి. గంట పెళ్ళికి గంట కూర్చోవాల్సిందే, కట్నకానుకలు చదివించకుండా. టేపు మరీ పాతదైతే ఆ తిరగడమే దానికి ఆఖరి తిరగడం కావచ్చు.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక అమ్మాయి షాపులోకి వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి. చేతిలో తెల్లటి నేత బట్టలో చుట్టిన మూట. మూట విప్పకముందే షాపంతా కలరా ఉండల వాసన కొట్టింది. ఈగలు కూడా లేచి రోడ్డు దాటాయి.

"సార్, ఇది ఆడుతుందా?"

వీసీఆర్‌లో పెట్టే పెద్ద క్యాసెట్టు. మీద అచ్చుకాగితం లేదు, పేరు లేదు. పెట్టె ఒక వైపు కొద్దిగా వంగి ఉంది.

"ఏమిటమ్మా ఈ వాసన?"

"మా ఇంట్లో పట్టుచీరల బీరువాలో ఉంటుందండీ ఇది. మాది మంగళగిరి. మగ్గాలు, చీరల వ్యాపారం. ఏటా చీరలు తీసి ఎండ చూపించి మళ్ళీ పెడతాం కదండీ? దీన్ని కూడా తీసి, ఎండ చూపించి, కొత్త కలరా ఉండలు వేసి లోపల పెడతాం."

మెకానిక్ అన్న చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "ఏటా?"

"ఏటా అండీ. చిన్నప్పట్నుంచీ డాబా మీదికి మోసింది నేనే. ఎవరిదో పెళ్ళి అని చెప్పేవారు మా నాన్న."

టేపుకి ఎండ అంటే వెన్నకి పొయ్యి. ఈ అమ్మాయి తన చేతుల్తో, ఎంతో శ్రద్ధగా, చిన్నప్పట్నుంచి ప్రతి ఏడూ దాన్ని కాల్చుకుంటూ వచ్చింది. ఆ మాట నాకు పైకి అనబుద్ధి కాలేదు. అన్న నోరు తెరవబోతే కాలు తొక్కాను.

అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఆమెకి మాటలు కూడా సరిగ్గా రాకముందే తల్లి పోయింది. ఫొటోలు రెండో మూడో ఉన్నాయి. ఈ క్యాసెట్టు చల్లపల్లిలో ఎవరిదో బంధువుల పెళ్ళి. కువైట్ నుంచి వచ్చిన ఒకాయన భుజాన క్యామ్‌కార్డర్ వేసుకుని ఊరికే సరదాకి తీశాడు. మిక్సింగ్ చేయించలేదు, పాటలు వెయ్యలేదు. అందులో వాళ్ళమ్మ ఉంది. మాట్లాడుతుంది కూడా. ఇన్నేళ్ళూ దాచిపెట్టిన ఈ సంగతి మొన్న తండ్రి నోరు జారి చెప్పాడు.

"నేను ఫోన్లో లైవ్ పెట్టి చీరలు అమ్ముతానండీ. హాయ్ అక్కలూ, అందరూ భోంచేశారా, ఈ అంచు చూడండి అక్కా, అంటూ రోజంతా వాగుతూనే ఉంటాను. మా వీధిలో ముసలమ్మలు నా లైవ్ వినపడితే చాలు, మీ అమ్మే వచ్చి మాట్లాడుతున్నట్టుందే, అదే గొంతు, అంటారు. అందరూ విన్నారు సార్, నేను తప్ప."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతు లైవ్‌లో చీరలమ్మే గొంతులా లేదు.

ఇలాంటప్పుడు బుద్ధున్నవాడు ఏమంటాడు? చూద్దామమ్మా, ప్రయత్నం చేద్దాం, అంటాడు. నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, బోర్డు చూశావుగా. మీ అమ్మగారి గొంతు తెచ్చి నీ చెవిలో పెట్టే పూచీ నాది" అన్నాను.

అన్న చేతిలోంచి టీ గ్లాసు జారి పడింది. అది నిజంగానే పడింది, ఇందులో అతిశయోక్తి లేదు.

ఆమె వెళ్ళాక అన్న క్యాసెట్టు మరలు విప్పాడు. మూత తీసి అలా చూస్తూ ఉండిపోయాడు. నన్ను పిలవలేదు. ఆయన పిలవకపోవడమే నన్ను భయపెట్టింది.

"తమ్ముడూ, ఇటు రా. నా సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు."

చుట్ట మధ్యలో టేపు తెగి ఉంది. తెగిన రెండు కొసల్నీ ఎవరో ముడి వేశారు. ఆషామాషీ ముడి కాదు. చిన్నగా, గట్టిగా, అందంగా, కొసలు కత్తిరించి మరీ వేసిన ముడి. దాని మీద ఏదో తెల్లగా ఎండి ఉంది. అన్న గోటితో గీరి వాసన చూశాడు.

"గంజి" అన్నాడు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ ముడి ఉన్న టేపు యంత్రంలోకి వెళ్ళి ఉంటే, దాని లోపల గిర్రున తిరిగే తల ఒకటుంటుంది, బొమ్మని చదివేది అదే, అది చితికిపోయేది. ఆ తలకి మారు తల విజయవాడలో కాదు గదా మూడు లోకాల్లోనూ దొరకదు.

మర్నాడు కబురు పెడితే ఆమె తండ్రి మంగళగిరి బస్సు దిగి వచ్చాడు. సన్నటి మనిషి. మగ్గం దగ్గర కూర్చుని కూర్చుని వీపు కొంచెం వంగింది. లోపలికి వస్తూనే బల్ల మీద విప్పి పెట్టిన టేపు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"చూసేశారా?" అన్నాడు.

"ముడి వేసింది మీరేనాండీ?" అన్నాను.

"నేనేనండీ. మా ఆవిడ పోయాక ఈ టేపు రోజూ చూసేవాణ్ణి. ఎదురింటి వాళ్ళ వీసీఆర్ అరువు తెచ్చుకుని, అది ఉన్న చోటికి తిప్పి, చూసి, మళ్ళీ వెనక్కి తిప్పి చూసి. ఒకనాడు మిషను టేపుని నమిలేసింది. కంగారులో లాగాను, తెగింది. పోగు తెగితే ఏం చేస్తామండీ మేము? ముడి వేస్తాం. ముడి నిలబడ్డానికి గంజి అద్దుతాం. నాకు ఇంకేం తెలుసు? ఆ తరవాత ఆడించి చూడ్డానికి ధైర్యం చాల్లేదు."

"అమ్మాయికి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"ఏమని చెప్పనండీ? మీ అమ్మ మాట ఉండేదే, నేనే తెంపాను, అని చెప్పనా?"

అన్న కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టాడు. చేయాల్సింది వివరించాడు. ముడికి అటూ ఇటూ చిటికెడు చిటికెడు టేపు కోసెయ్యాలి. మిగిలిన కొసల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి వెనకనుంచి సన్నటి జిగురు పట్టీతో అతకాలి. చుట్ట మొత్తం తీసి కొత్త పెట్టెలోకి మార్చాలి.

"కోస్తే ఎంత పోతుందండీ?"

"రెప్పపాటు. అంతకన్నా పోదు."

"ఆ రెప్పపాటులోనేనండీ అది ఇటు తిరిగేది. బంతిలో కూర్చుని అమ్మాయికి అన్నం తినిపిస్తూ ఉంటుంది, క్యామెరావాడు లైటు వేస్తాడు, ఇటు తిరుగుతుంది. తిరిగి మాట్లాడుతుంది. సరే కోసెయ్యండి. తిరగడం పోతే పోయింది. తిరిగిన మొహం ఉంటుందిగా."

అన్న కోశాడు. ముడి ఉన్న ముక్కని చెత్తబుట్టలో వెయ్యబోతే ఆయన చెయ్యి చాపాడు. తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అతుకు వేస్తున్నప్పుడు అన్న టేపుని వెలుతురుకి పట్టి చూపించాడు నాకు. ఒక పక్క అంచు, యంత్రం నమిలిన చోట, మురుకులా ముడతలు పడి ఉంది. "బొమ్మ టేపు మధ్యలో ఉంటుంది. మాట అంచున సన్నటి దారంలా ఉంటుంది. ఈ మిషన్లన్నిటికీ అంతే. బొమ్మ రావచ్చు. మాట సంగతి నేను చెప్పలేను. నువ్వేమో గ్యారంటీ ఇచ్చావు."

ఇది విని ఆ పెద్దాయన నెమ్మదిగా, "మాకూ అంతేనండీ. చీరకి ప్రాణమంతా అంచులోనే ఉంటుంది. ముందు పాడయ్యేదీ అదే" అన్నాడు.

ఆ రోజునుంచి నాకు అన్నం సయించలేదు. ఇది మా ఆవిడ చెప్పిన లెక్క, పావువంతుకి తగ్గించాల్సిన పని లేదు. సాంబారులో ములక్కాడ చూస్తే టేపులా కనిపించేది. దీనికి తోడు ఆ అమ్మాయి లైవ్‌లో చెప్పేసింది. "అక్కలూ, విజయవాడలో ఒక సార్ ఉన్నారు, మా అమ్మ గొంతు తెప్పిస్తున్నారు" అని. ఇక అక్కలు ఊరుకుంటారా? చీర రంగు అడగడం మానేసి మీ అమ్మ గొంతు వచ్చిందా అని అడగడం మొదలుపెట్టారు. నా నంబర్ ఎలా దొరికిందో గానీ ఎవరో గుడివాడ నుంచి, ఎవరో దుబాయ్ నుంచి ఫోన్ చేసి, "మీరేనా ఆ గొంతు తెప్పించే సార్? మా నాన్నగారిది కూడా తెప్పిస్తారా?" అని అడిగారు. నేనేదో సోది చెప్పేవాణ్ణయినట్టు! దుబాయ్ ఆవిడకి వాళ్ళ నాన్నది టేపు ఉందా అంటే లేదండీ అంది.

అన్న మాత్రం పట్టించుకోలేదు. యంత్రం విప్పి, తుడిచి, ఒక రబ్బరు బెల్టు మార్చి, మళ్ళీ విప్పి, మళ్ళీ తుడిచాడు. పనికిరాని సినిమా క్యాసెట్టు ఒకటి తీసుకుని కావాలనే కోసి, అతికి, ఆడించి చూశాడు. ఆ సినిమాలో హీరో మొహం అతుకు దగ్గర రెండుగా చీలి మళ్ళీ కలిసింది. "ఇంతవరకు చాలు" అన్నాడు.

"మాట?" అన్నాను.

"ఆ హీరో మాట వినపడింది. ఆయన అంచు బాగుంది కదా."

అనుకున్న రోజు మధ్యాహ్నం తండ్రీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. ఆ అమ్మాయి ఎక్కడికో పెళ్ళికి వెళ్తున్నట్టు తన మగ్గం చీరే కట్టుకుని వచ్చింది. తండ్రి మాత్రం తెరకి వీపు పెట్టి, వీధివైపు మొహం తిప్పి కూర్చున్నాడు.

"నాన్నా, ఇటు తిరుగు."

"నువ్వు చూడు. నేను చాలాసార్లు చూశాను."

టేపుకి ముడి వేసిన ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. నా భయం కూడా ఆయనకి అర్థమైందనుకుంటాను, ఎందుకంటే నేను నీళ్ళ సీసా మూత తీయకుండానే తాగబోయాను.

అన్న టేపు యంత్రంలో పెట్టాడు. "ఒక్కసారే. మధ్యలో ఆపడం లేదు, వెనక్కి తిప్పడం లేదు. ఆపినచోటల్లా టేపు లాగబడుతుంది. పట్టుకుంటే ఈ ఒక్కసారే పట్టుకోవాలి" అన్నాడు. నేను కంప్యూటర్‌లో రికార్డు బటన్ నొక్కాను.

తెర మీద చల్లపల్లి కనిపించింది. పందిరి, మామిడాకులు, రంగు వెలిసిన జనం. నాదస్వరం గాలివానలో కొట్టుకుపోతున్నట్టు వినపడింది. బొమ్మ అడుగున తెల్లటి చారలు చీమల బారులా పాకుతున్నాయి. అన్న ఒక మరని వెంట్రుకవాసి తిప్పాడు. చీమలు కిందికి దిగిపోయాయి.

ఇంతలో కంప్యూటర్ తెర మూలన చిన్న పెట్టె ఒకటి లేచింది. నవీకరణలు సిద్ధంగా ఉన్నాయి, కంప్యూటర్ తిరిగి ప్రారంభించబడును, అని మర్యాదగా చెప్పింది. ఆ యంత్రానికి ప్రపంచంలో ఇంకే సమయం దొరకలేదు. ఏడాదంతా ఈగలు తోలుకుంటున్నప్పుడు రాని నవీకరణ సరిగ్గా తలంబ్రాల దగ్గర వచ్చింది. కంగారులో "తరవాత" అన్న బటన్ మీద కాకుండా "ఇప్పుడే" అన్న దాని మీదికి బాణం జారింది. అన్న వచ్చి నా మణికట్టు పట్టుకుని, చిన్నపిల్లాడికి ఓనమాలు దిద్దించినట్టు నా చేత "తరవాత" నొక్కించాడు.

అది పోయిందో లేదో కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, లైటు ఆగింది. బెంజ్ సర్కిల్ అంతా ఒక్కసారిగా 'హు' అంది. మా యూపీఎస్ కీ, కీ అని ఏడవడం మొదలుపెట్టింది. యంత్రమూ కంప్యూటరూ దాని మీదే నడుస్తున్నాయి. ఆ యూపీఎస్ బ్యాటరీ వయసు అడగొద్దని అన్నకి సైగ చేశాను.

"సార్, ఆగిపోతుందా?" అంది ఆ అమ్మాయి.

"ఆగదమ్మా, జనరేటర్ ఉంది" అన్నాను. జనరేటర్ ఉంది, నిజమే. పక్కింటి డయాగ్నస్టిక్స్ వాళ్ళది.

బంతి మొదలైంది. అరిటాకుల వరస, ఆడవాళ్ళు, వంగి వడ్డించే చేతులు. "వస్తోంది" అన్నాడు అన్న, టేపు చుట్టనే చూస్తూ. కరెంటు వచ్చింది. ఎవరూ తల ఎత్తలేదు.

ఒక ఆకు ముందు వీపు కనిపించింది. నల్లటి జడ. ఒళ్ళో చిన్నపిల్ల, నోరంతా పెరుగన్నం, ఆకు మీద విరిగిన అప్పడం ముక్క కోసం చేతులు చాపి ఏడుస్తోంది. తెర ముందున్న ఆ అమ్మాయి చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. ఆ పిల్ల తనే.

టక్. అతుకు తల మీదుగా వెళ్ళింది. బొమ్మ పగిలి మంచు కురిసింది. నా జీవితంలో ఎన్నో మంచులు కురిపించాను, ఈ మంచుకి మాత్రం నా ప్రాణం పోయినంత పనైంది. మంచు తేలింది. వీపు లేదు. మొహం ఉంది. తిరగడం పోయింది, తిరిగిన మొహం నిలబడింది. లైటుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించి, సగం నవ్వుతూ.

అప్పుడు వచ్చిందండీ గొంతు. గుళ్ళో కంచుగంట కొట్టినంత స్పష్టంగా, బెంజ్ సర్కిల్ హారన్లన్నీ ఊరుకున్నట్టుగా వచ్చింది.

"అయ్యో, నన్నెందుకండీ తీస్తారు, పెళ్ళికూతుర్ని తియ్యండి! మా పిల్లకి ఇంకో అప్పడం వెయ్యమని చెప్పండి, పుణ్యముంటుంది."

అచ్చం ఆ అమ్మాయి గొంతే. ఒక్క పోగు తేడా లేదు. వీధివైపు కూర్చున్న తండ్రి ఆ మాట వినగానే వెనక్కి తిరిగాడు. అన్న ఉప్పొంగిపోయాడు. డయాగ్నస్టిక్స్ వాళ్ళు రక్తాలు తీయడం ఆపి పరిగెత్తుకొచ్చారు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి, జరీ అంచు కవర్‌లో పెట్టి ఇచ్చాను. బోర్డు మీద గ్యారంటీ నిలబడింది. నేను మహారాజులా ఇంటికి వెళ్ళి ములక్కాడ సాంబారు రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

ఇక్కడ ఆపేద్దామనే అనుకున్నాను. ఈ కథ ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పానో, అన్నిచోట్లా ఇక్కడే ఆపాను. కానీ ఇది అచ్చులోకి వెళ్తుంది. మంగళగిరిలో కూడా చదువుతారు. అందుకని చెప్తున్నాను.

చీరలతో పాటు ఎండబెట్టడం నిజం. ముడి నిజం, గంజి నిజం. నవీకరణ వచ్చింది, కరెంటూ పోయింది. డయాగ్నస్టిక్స్ వాళ్ళు రాలేదు, వాళ్ళకి ఈ సంగతే తెలియదు. ఇవన్నీ చిన్న చిన్నవి, మీరు పావువంతు లెక్కలో ఈపాటికే సర్దుకుని ఉంటారు. పూర్తిగా కల్పించింది ఒక్కటే. గొంతు రాలేదు.

మొహం వచ్చింది. పెదవులు కదిలాయి. స్పీకర్లోంచి వచ్చింది మాత్రం సెగ మీద నీళ్ళు పడ్డ చప్పుడు. అంచు పోయింది. అన్న ముందే అన్నాడు.

"సౌండు పెట్టండి సార్."

"పెట్టానమ్మా."

"ఇంకొంచెం పెట్టండి."

పెట్టాను. చప్పుడు పెద్దదైంది, అంతే. టేపు ముందుకి వెళ్ళిపోయింది. ఎవరో తాతగారు తాంబూలం నములుతూ కనిపించారు, ఆయన దగ్గరనుంచి మళ్ళీ అన్ని మాటలూ శుభ్రంగా వినపడ్డాయి. బస్సు టైమెంత అని అడుగుతున్నాడు. గ్యారంటీ ఇచ్చిన నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కీబోర్డు మీది దుమ్ము తుడిచాను.

వీధివైపు చూస్తూనే తండ్రి అడిగాడు. "ఏం కనపడింది?"

"అమ్మ ఏదో అంది నాన్నా. వినపడలేదు."

ఆయన వీధిలో వెళ్ళే ఆటోలకి చెప్తున్నట్టు, ఏ ఉద్వేగమూ లేకుండా చెప్పాడు. "అయ్యో నన్నెందుకండీ తీస్తారు, పెళ్ళికూతుర్ని తియ్యండి. మా పిల్లకి ఇంకో అప్పడం వెయ్యమని చెప్పండి, పుణ్యముంటుంది."

టేపు అయిపోయింది. బొమ్మ అప్పటికి కంప్యూటర్‌లో ఉంది, దాన్ని ఎన్నిసార్లు తిప్పినా అరగదు. ఆ అమ్మాయి, "సార్, అక్కడికి ఇంకోసారి వెయ్యండి" అంది. వేశాను. తెర మీద తల్లి పెదవులు కదులుతుంటే ఆ మాటలు తను అంది. మొదటిసారి ముందు పరిగెత్తింది. రెండోసారి వెనకబడింది. రోజంతా లైవ్‌లో మాట్లాడే మనిషి, మూడోసారికి అందుకుంది. పెదవి తెరుచుకున్నచోట మాట తెరుచుకుంది, నవ్వు వచ్చినచోట నవ్వు వచ్చింది.

తండ్రి వెనక్కి తిరిగింది అప్పుడు. తెర వైపు కాదు, కూతురి వైపు.

నా చెయ్యి నాకు తెలియకుండానే మైకు మీదికి వెళ్ళింది. పాతికేళ్ళు మాట ఉన్నచోట మాట తీసి, పాట లేనిచోట పాట వేసి బతికిన చెయ్యి అది. కూతురి గొంతు పట్టి ఆ పెదవుల మీద వెయ్యడం ఒక్క నిమిషం పని, అతుకు కూడా తెలియదు. ఆ అమ్మాయి చూసింది. "వద్దు సార్. ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యండి" అంది.

అన్న మైకు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మళ్ళీ అనవే" అన్నాడు తండ్రి.

నేను మళ్ళీ వేశాను. ఆమె మళ్ళీ అంది. అప్పడం దగ్గరికొచ్చేసరికి నవ్వో ఏడుపో అడ్డం వచ్చి ఆగిపోయింది. తెర మీద వాళ్ళమ్మ మాత్రం ఆగకుండా పుణ్యముంటుంది దాకా చెప్పింది.